చుక్కకు నేనే కఫీల్

ఉమ్ సలాల్, గురువారం రాత్రి

రాత్రి కళాశాలలో పట్టా పొందినవాడినైనా నా తెలుగు పేదదే, తప్పులుంటే మన్నించాలి.

ఇక్కడ ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు దగ్గర పడుతున్నందున వీధికుక్కలను పట్టుకుపోతున్నారు. నేను పనిచేసే తోటలో సాకుతున్న కుక్క చుక్కకు మెడపట్టీ చాలునని ఇన్నాళ్ళూ భ్రమపడ్డాను. చర్మం కింద చిప్పు వేయించి, యజమాని పేరిట నమోదు చేయించాలట. తోట యజమాని తన పేరు ఇవ్వనన్నారు. అందుచేత నేడు నేనే పశువుల ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాను.

"దీని కఫీల్ ఎవరు?" అని అక్కడి గుమాస్తా హిందీలో నవ్వుతూ అడిగాడు.

"నేనే" అన్నాను. ఈ గల్ఫు దేశంలో అడుగుపెట్టిన నాటి నుండి నేను కఫీల్ అనే మరొకరి పూచీ మీద బతుకుతున్నాను. నేడు ఒక ప్రాణి నా పూచీలోకి వచ్చింది.

వెంట వచ్చిన తోటి పనివాడు జగిత్యాల మల్లేశు ఊరుకోలేదు. "అన్నా, ఈడ ఉండెటందుకు నా అకామా కార్డు వచ్చేసరికి నెలలు పట్టింది. దీనికి గంటల్నే అయిపాయె."

సూది గుచ్చినప్పుడు చుక్క అరవలేదు. నా వీసా రద్దయితే దీని గతి ఏమిటన్న దిగులు మాత్రం నాకు కలిగింది... చిప్పులో ఉండేది సంఖ్య మాత్రమేననీ, యజమాని పేరు మార్చవచ్చుననీ డాక్టరు చెప్పారు.

కనుక నేను వెళ్ళిపోవలసి వస్తే ఈ పేజీని ముందుగా మల్లేశు చదవాలి. మల్లేశూ, నీ ఐడీ తీసుకొని ఆసుపత్రికి వెళ్ళు. చుక్క నీ వెంట వస్తుంది.