నంబరు మీద టార్పాలిన్

మోత్కూర్ల ఉన్న వీరేశం మామకు, జడ్చర్ల నుంచి నీ అల్లుడు యోహాను వందనాలు.

మామా, మంచిగున్నవా. నేను మంచిగలేను. పానం మంచిగనే ఉంది, బుగులు పట్టుకుంది. ఫోన్ చేద్దామంటే ఫోన్ల నాకు గొంతు రాదు, నీకు తెల్సు గద. వాట్సాప్ల ముక్కలు ముక్కలు పెడితే నువ్వు తిడ్తవు. పైన పేరు, కింద పేరు ఉంటెనే చదువుత అంటవు. అందుకే గిట్ల వాట్సాప్లనే ఉత్తరం లెక్క రాస్తున్న. తప్పులుంటే ఏమనకు, ఎనిమిదిల బడి బంద్ చేసినోన్ని.

నేను సంచులు మోసే గోల్ఫ్ క్లబ్బుల కోచ్ సార్ కింద ఒక పిలగాన్ని పెట్టుకుంటరట. చిన్న పిల్లలకు కట్టె పట్టుడు నేర్పాలె. నెల జీతం. ఇగ సంచి మొయ్యొద్దు. కానీ హ్యాండికాప్ నంబరు పది దాటొద్దంట. వచ్చే సోమారం పొద్దున చూస్తరు. నాది ఇయ్యాల సరింగ పది.

గా నంబరు ఎట్ల తీస్తరంటే, మా మైదానంల పద్దెనిమిది గుంతలు. అన్నిట్ల బంతి ఎయ్యనీకి మంచి ఆటగానికి డెబ్బై ఒక్క దెబ్బలని కట్టిన్రు. మనం ఎన్ని ఎక్కువ కొడ్తే గదే గా దినం లెక్క. తక్కువుంటేనే మంచిది. కొత్త పద్ధతి వచ్చినంక ఆఖరి ఇరవై ఆటలు చూసి, అండ్ల మంచియి ఎనిమిది ఏరి, సగటు తీస్తున్నరు. కొత్త ఆట ఒకటి ఎక్కితే అన్నిటికంటే పాతది పడిపోతది. నా పరేషాన్ ఆడనే ఉంది. నా పాత ఆటనే నా మంచి ఆట. గా దినం ఏమైందో తెల్వదు, ఆరు వచ్చింది. మళ్ల గట్ల ఎన్నడు రాలే. ఇప్పుడు ఒక్క ఆట ఆడితే గా ఆరు పోతది, నంబరు పది దాటుతది, పని పోతది.

నంబర్లు చూసే కరుణ మేడం నిన్న "యోహానూ, ఐతారం నాతో ఆడతావా, ఒక్కదాన్నే ఉన్నా" అన్నది. వద్దందామని నోరు తెరిచిన. తలకాయ సరే అన్నట్టు ఊగింది.

ఏం చేయాల్నో చెప్పు మామా.
నీ అల్లుడు, యోహాను

తా.క. తా.క. అంటే ఏందో నాకు తెల్వదు. నువ్వు ఎప్పుడు పెడ్తవని పెట్టిన.

*

చిరంజీవి అల్లునికి, వడ్లు కొనే సెంటర్ల సొంత కుప్ప మీద కూసోని మామ దీవెనలు.

ఇరవై ఆటలాడితే ఎనిమిదే లెక్కనా? తతిమ్మ పన్నెండు ఎవడు తిన్నడు? మా కాడ బస్తాకు రెండు కిలోల తరుగంటేనే లొల్లి చేస్తం. మీరు నోరు మూసుకోని ఇచ్చిన్రా?

సరే, గీ నంబరు సంగతి నాకు కొత్త కాదు. మా వడ్ల తేమ చూసే మిషన్ గిట్లనే. పదిహేడు దాటితే కాంటా ఎక్కదు. నీకు పది, నాకు పదిహేడు, గంతే తేడా. కుప్ప పదిహేడుకు వచ్చినంక రైతు ఏం చేస్తడు? మళ్ల నీళ్లు చల్లి చూస్తడా? టార్పాలిన్ కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టి, పక్కన కూసుంటడు. నీ నంబరు తయారైంది. ఇగ కప్పెయ్. సోమారం దాంక కట్టె ముట్టకు. చెయ్యి నొస్తాందని చెప్పు.

ఫికర్ చెయ్యకు, మామ ఉన్నడు.
వీరేశం

తా.క. మా అమ్మ, అదే మీ అవ్వ, నువ్వేం రాసినవని అడుగుతాంది. చెప్పిన. "ఆడుడు పనికి ఆడకుండ ఉంటే పని ఇస్తరా?" అన్నది. ముసల్దానికి లెక్కలు తెల్వయి.

*

మామకు యోహాను వందనాలు. నేను ఇంక మంచిగలేను.

నువ్వు చెప్పినట్టే చేతికి గుడ్డ కట్టుకోని పోయిన. మేడం చూసి "అయ్యో, ఎట్లా తగిలింది?" అన్నది. నాకు అబద్ధం నోట్లకు రాలే. వేలు మీదికి చూపెట్టిన. ఆమె కూడ మీదికి చూసింది. ఆడ ఏం లేదు, ఫ్యానుంది. "ఫ్యాను తగిలిందా!" అని పరేషానై గుడ్డ ఇప్పి, బామ్ రాసి, ఐతారానికి తగ్గిపోతది అన్నది. ఫ్యాను బంద్ చేపిచ్చింది గూడ. నా మూలంగ ఆఫీసోళ్లంత ఉక్కకు సస్తున్నరు.

నువ్వే ఏమన్న చెయ్యి. కానీ చిన్నది చెయ్యి మామా.
యోహాను

తా.క. నొస్తాందని చూపెట్టింది కుడి చెయ్యి. గుడ్డ కట్టింది ఎడమ చేతికి. మేడం రెండింటికి రాసింది.

*

అల్లునికి మామ దీవెనలు. గుండె గట్టిగ చేసుకోని చదువు.

పని అయిపోయింది. నువ్వెప్పుడో ఇచ్చిన మీ మేడం నంబరుకు, పక్క కుప్పాయన ఫోన్ నుంచి నేనే మెసేజ్ కొట్టిన. "యోహాను అమ్మమ్మ జానమ్మ ఇయ్యాల పొద్దున ప్రభువునందు నిద్రించినది, పిలగాడు దుఃఖంల ఉన్నడు, ఆట ఆడలేడు" అని. మంచిగ రాసిన, నాకే ఏడుపొచ్చింది.

నువ్వు ఏడ్వకు. మీ అవ్వ నా ముంగటనే కూసోని జొన్నరొట్టె తింటాంది, ఇంకోటి అడుగుతాంది. ముందుగాల మీ నాయిననే సంపుదామనుకున్న. కానీ ఆయన పోయిన నెల మీ క్లబ్బు కాడికి వచ్చి ఛాయ్ తాగి పోయిండు గద, మొఖం గుర్తు పడ్తరు. అవ్వనైతే ఎవ్వలు చూడలే.

నువ్వు రెండు దినాలు తల కిందికేసుకోని తిరుగు. నువ్వు ఎప్పుడు గట్లనే తిరుగుతవు కాబట్టి కష్టం లేదు.
మామ వీరేశం

తా.క. ఇంట్లోళ్లతో మాట్లాడాలె, నంబరియ్యమన్నది మేడం. నాదిస్తే దొరికిపోత. మీ అవ్వ చిన్న ఫోన్ నంబరిచ్చిన. మోగితే ముట్టుకోనీకే భయపడ్తది, ఎత్తదు.

*

మామా, వందనాలు. ఘోరమైంది.

పొద్దున క్లబ్బుకు పోంగనే అందరు లేసి నిలవడ్డరు. నాకోసం. నేను ఎనకకు తిరిగి చూసిన, పెద్ద సార్ ఎవరన్న వస్తున్నరేమోనని. కోచ్ సార్ భుజం మీద చెయ్యేసిండు. మేడం గోడ మీద కాయిదం చూపెట్టింది.

"జానమ్మ స్మారక కప్పు. ఐతారం. సభ్యులందరు రావాలె. మొదటి దెబ్బ, మనవడు యోహాను."

నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. భయానికి మామా. ఆళ్లు దుఃఖం అనుకున్నరు. ఒక సారైతే నాతోని గూడి ఏడ్సిండు. ఆయనకు ఆయన అవ్వ యాదికొచ్చిందట. ఇగ గాయనకు వద్దని ఎట్ల చెప్పాలె?

మేడంతోని ఇద్దరమే ఆడెదుండె, ఇప్పుడు ముప్పై మంది ఆడుతున్నరు. ముప్పై మంది ముంగట నేను మొదలు కొట్టాలె. నాకు ముగ్గురు చూస్తేనే బువ్వ దిగదు. ఆ ఆరు పడిపోతది, నంబరు పోతది, పని పోతది. చిన్నది చెయ్యమని చెప్పిన గద మామా.

ఏడ్సుకుంట,
యోహాను

తా.క. మేడం మన ఇంటికి ఫోన్ చేసిందట. అవ్వ చెల్లె గుర్వమ్మ ఎత్తి మంచిగ మాట్లాడిందట. మనోళ్లల్ల గుర్వమ్మ ఎవరు మామా?

*

అల్లుడా, దీవెనలు తర్వాత.

గుర్వమ్మ అనెటామె మన ఇంటి పేరుల లేదు, మన వాడల లేదు. రాంగ్ నంబర్ పోయి ఉంటది. ఎవలో పుణ్యాత్మురాలు, పోనీ.

నువ్వు గిట్ల చెయ్యి. మొదటి దెబ్బ కొట్టు, కట్టె కింద పడేసి, "అవ్వా" అని ఒర్రి, కూలవడు. ఆట సగంల ఆగితే లెక్క ఎక్కదు. నేను కుప్ప మీద నిలవడి రెండుసార్లు చేసి చూసిన, మంచిగ కుదిరింది. పక్క కుప్పాయన నీళ్లు పట్టుకోని ఉరికొచ్చిండు.

ఆగమైతున్న నీ మామ,
వీరేశం

తా.క. మీ అవ్వకు ఏమైందో. పొద్దటి నుంచి ముప్పై మందికి ఛాయ్ ఎవలు పోస్తరని అడుగుతాంది.

*

మామకు యోహాను వందనాలు. నిలవడే రాస్తున్న, కూసోబుద్ధైతలేదు.

ఐతారం అందరు నల్ల పట్టీ కట్టుకోని మౌనంగ నిలవడ్డరు. నేను కండ్లు మూసుకోని కొట్టిన. తెరిచేసరికి బంతి ఆడ లేదు, మంచిగనే పోయింది. కూలవడుదామనుకున్న. అందరు చూస్తున్నరు. కూలవడనీకి కూడ సిగ్గైంది. ఇగ నడుసుకుంట పోయిన.

రెండో గుంత కాడికే చెడగొట్టు వాన. గాలికి సార్ల గొడుగులు ఉల్టా అయినయి. చెరువు పక్క గుంత కాడ నాకు తొమ్మిది దెబ్బలు పడ్డయి. కొత్త పద్ధతిల ఒక్క గుంతకు హద్దు ఉంటదట, నాకు ఆడ ఏడు మించి రాయరట. అన్ని కలిపితే ఎనభై. డెబ్బై ఒకటికి తొమ్మిది ఎక్కువ. నాకు ఆరు కావాలె. అయిపోయిందనుకున్న. సంచి మోసే బెల్టు కడుక్కోని ఆరేసిన, సోమారం మళ్ల మొయ్యాలె గదా అని.

సోమారం పొద్దున మేడం పిలిచింది. ఐతారం ఆడినోళ్లంత ఎప్పుడు ఆడెదానికంటే చాన ఖరాబు ఆడిన్రట. అందరు ఖరాబైతే తప్పు మనుషులది కాదు, దినానిది అంటదట కొత్త పద్ధతి. అందరికి మూడు తగ్గించింది. తొమ్మిదిల మూడు పోతే ఆరు మామా! పాత ఆరు పడ్డది, కొత్త ఆరు గా జాగల కూసుంది. పది పదే ఉంది. గీ తగ్గింపు ఒకరిద్దరు ఆడితే ఇయ్యరట, కనీసం ఎనిమిది మంది ఉండాలెనట. మేడంతోని నేనొక్కన్నే ఆడి ఉంటే పని పోతుండె.

పని ఇచ్చిన్రు. రేపటి నుంచి పిల్లలకు నేర్పాలె. పిల్లలు ఎనిమిది మంది. నా దిక్కే చూస్తరు కావచ్చు.

యోహాను

తా.క. సుక్కురారం మేడం గా కప్పు పట్టుకోని మోత్కూర్ వస్తదట, గుర్వమ్మ చేతిల పెట్టనీకి. ఇప్పుడు గుర్వమ్మను ఏడికెళ్లి తేవాలె?

*

నా బంగారు మనవడు యోహానుకు అవ్వ జానమ్మ ముద్దులు. నేను చెప్తాంటే మీ మామ రాస్తున్నడు. ఆనికి నచ్చనిది రాయకుంటే మళ్ల చదివిచ్చుకుంట.

బిడ్డా, గుర్వమ్మను నేనే.

గా దినం ఫోన్ మోగింది. ఎత్తిన. "జానమ్మగారు పోయారట కదమ్మా" అన్నది ఒకామె. ఎప్పుడు అన్న. పొద్దున అన్నది. పొద్దున నేను బర్రెకు కుడితి పెట్టిన గద అననీకి నోటి దాంక వచ్చింది. గంతల మీ మామ మొఖం కండ్లల్ల మెదిలింది. ఈడే సంపిండు, ఇంకెవడు సంపుతడు! నేను జానమ్మ చెల్లెను, గుర్వమ్మను అన్న.

జానమ్మగారికి ఏదంటే ఇష్టం అని అడిగింది. మనవడు ఆడంగ నలుగురు చూడాలని ఉండె పాపం, ఆ పిలగాన్ని ముందుగాల కొట్టనియ్యున్రి, మందిని బాగ పిలువున్రి అన్న. వానలకు తగ్గిస్తరని నాకేం తెల్సు. దాసుకుంట తిరిగితే నీకు ఆ పని వచ్చినా నిలవడదు అనుకున్న. గంతే.

మీ మామ రెండు దినాలు నీ నంబరుకు కాపలా ఉండి తన కుప్పకు టార్పాలిన్ కప్పుడు మరిచిండు. ఐతారం వాన ఈడ గూడ పడి తడిసింది. ఇప్పుడు తేమ ఇరవై రెండు. అందరియి తడిసినయి, దినానిదే తప్పు, తలా ఐదు తగ్గించున్రి అని సెంటర్ల పొద్దటి నుంచి లొల్లి పెడ్తున్నడు. వడ్లకైతే కప్పాలె, పోరనికి కప్పుతడా ఎవడన్న?

పిల్లలు చూస్తే చూడనియ్యి. నువ్వు బంతిని చూడు.
మీ అవ్వ, జానమ్మ

తా.క. సుక్కురారానికి నా ఫోటోకు నేనే దండేసి పెట్టిన. నువ్వొస్తే నన్ను చిన్నవ్వా అని పిలువు. కానీ బిడ్డా, గా దినం నుంచి నాకు ఒకటే బుగులు. ఫోన్ పెట్టేటప్పుడు మీ మేడం మెల్లగ ఒక మాటన్నది. "ఉంటానమ్మా. ఆరోగ్యం జాగ్రత్త, జానమ్మగారూ."