ఫ్రిజ్‌లో మొలిచిన వెల్లుల్లి

ఏమండీ,

రేపల్లె రైలుకి వెళ్తున్నాను, శేషారత్నం పిన్ని కూతురి సీమంతానికి. ఎల్లుండి వస్తాను. పప్పుచారు స్టవ్ మీదుంది, వేడి చేసుకోండి.

ఫ్రిజ్‌లో కూరల అర అడుగున గుడ్డసంచిలో ఉన్న వెల్లుల్లి రెబ్బలు వంటకి కాదు. చలి తగలని రెబ్బ నాటితే గడ్డ ఊరదు, మన తెనాలిలో అంత చలి ఎక్కడిది? అందుకే ఆరు వారాలుగా అక్కడ దాచాను. పోయినేడు కూడా దాచాను. మీరు వాటిని దంచి చారులో వేసి, "ఇవాళ చారు అదిరిందే దుర్గా!" అన్నారు. రెండు రోజులు నేనెందుకు మాట్లాడలేదో మీకు ఇప్పటికీ తెలియదు.

పొద్దున చూస్తే ప్రతి రెబ్బకీ పచ్చటి మొలక! ఎంత సంతోషమేసిందో, మిమ్మల్ని లేపబోయి ఆగాను. మొలకలు లేతగా ఉన్నాయి, ఇంకా ఉంచితే విరిగిపోతాయి. ఈ సాయంత్రమే మేడ మీద తొట్లలో నాటండి. మొలక పైకుండాలి, మధ్య బెత్తెడు ఎడం ఉండాలి. పొట్టు ఒలవకండి. నీళ్ళు చిలకరించండి, చెంబుతో కుమ్మరించకండి.

దుర్గ

ఒక్క రెబ్బ మాత్రం ఫ్రిజ్‌లోనే ఉంచండి. మొలక విరిగినా ఫరవాలేదు, వచ్చాక నా చేత్తో నాటుకుంటాను.