నోట్లోది ఇచ్చే చెయ్యి

కుసేర్,
బుధవారం

నా కళ్ల వెలుగు జాజియాకు, నాన్న సలాం.

నువ్వు అకబాలో కొని పంపిన, నీళ్లలో గాలి పీల్చే రెగ్యులేటర్ నువైబా రేవు ఓడ మీద క్షేమంగా చేరి పదిరోజులైంది. దానికి రెండు నోళ్లున్నాయి. నల్లది నాకు, పసుపు గొట్టానిది గాలి అయిపోయినవాడికి. నా పాతదానికి ఒకటే నోరు కనుక పరీక్షకు పనికిరాదన్నారు. ఇలాంటిదానికే మన ఊరి దుకాణంలో రెట్టింపు ధర చెబుతున్నారు. సముద్రం ఒకటే, సుంకాలే వేరు.

ఫోనులో నీకు అబద్ధం చెప్పాను. పరీక్ష వచ్చేవారం అన్నాను. పోయిన గురువారమే అయింది. తప్పాను. దారి చూపే డైవరు కార్డు లేనివాడు ఇక పరదేశులను నీళ్లలోకి దింపకూడదట. నలభై ఏళ్లుగా ఈ పగడపు దిబ్బలకు నేను తెలుసు, కాయితానికి తెలియను. ఇంకోసారి తప్పితే ఒడ్డున సిలిండర్లు నింపుకోవడమే. రాతపరీక్ష వేలు పెట్టి చదివి గట్టెక్కాను. నీళ్లలో, పరీక్ష పెట్టే రామీ గొంతు మీద కోసినట్టు చెయ్యి చూపాడు, గాలి లేదని. నా చెయ్యి నా నోట్లోది పీకి అతని నోటికి పెట్టింది. పైకొచ్చాక, "రయిస్ అవద్, పెద్దాయనా, పసుపుది ఇవ్వాలి కదయ్యా! మా పుస్తకంలో ఇది తప్పు" అన్నాడు. "చెయ్యి దానంతటదే పోయింది బాబూ" అన్నాను.

మీ అకబా డైవింగ్ స్కూలు పుస్తకంలో నోట్లోది ఇవ్వడమే ఒప్పని నువ్వోసారి చెప్పావు. ఇక్కడికొచ్చి రాయి నాన్నా అంటావు. రాను. ఎందుకో చెప్పాలంటే మీ అమ్మకు కూడా చెప్పనిది ఒకటి చెప్పాలి.

నువ్వు పుట్టకముందు, ముప్పై ఒక్క ఏళ్ల కింద, నేనూ నా జతగాడు కరారూ, మునిగిపోయిన ఒక ఓడలోంచి ఇత్తడి తీస్తున్నాం. ఒక్కొక్కరికి ఒక్కొక్క నోరే. వాడి సిలిండర్ అయిపోయింది. గొంతు చూపాడు. ఇద్దామనుకుంటూనే నేనొక గుక్క పీల్చాను. ఇంకొకటి పీల్చాను. భయం. వాడు ఆగలేక పైకి దూసుకుపోయాడు. లోతునుంచి ఒక్కసారిగా లేచిన ఆ దెబ్బకు అప్పటినుంచి ఎడమకాలు ఈడుస్తున్నాడు. సముద్రం చేసిందని ఊరంతా అంది. నేనూ అన్నాను. ఆనాటి నుంచి ఎవరు అడిగినా నా చెయ్యి నోట్లోదే ఇస్తుంది. అది ఎవరూ నేర్పిన చదువు కాదు, నాకు నేను వేసుకున్న శిక్ష.

కానీ తల్లీ, గాలి లేనివాడి కళ్లు దేన్ని వెతుకుతాయో అదే అందాలి. ఇక్కడ దిగేవాళ్లు రామీ పుస్తకం చదివినవాళ్లు. వాళ్లు పసుపుదాన్నే వెతుకుతారు. నా శిక్ష కోసం వాళ్లను తికమక పెట్టకూడదు. చేతి అలవాటు మార్చుకుంటాను. ముందు కరార్‌కు నిజం చెబుతాను.

నీ నాన్న,
అవద్

కుసేర్,
నెల తర్వాత, సోమవారం

జాజియా తల్లికి,

చెప్పాను. మూడు కప్పుల జబనా కాఫీ తాగందే మనవాళ్లెవరూ లేవరు కదా, అందుకని రెండో కప్పు పోస్తూ మొదలుపెట్టాను. కరార్ తాగుతూనే విన్నాడు.

"రెండు గుక్కలా?" అన్నాడు. "మూడు. నేను లెక్కపెట్టా. నీకు మొదట్నుంచీ లెక్కలు రావురా."

"తెలిసీ ఇన్నేళ్లు ఊరుకున్నావా?"

"నువ్వే చెబుతావని చూశా. ఇంత మొద్దువనుకోలేదు." మూడో కప్పు తాగి, కర్ర అందుకుని లేచాడు. "ఆ చేతికి రేపట్నుంచి నేను నేర్పుతా."

రెగ్యులేటర్ మెడకు తగిలించుకుని తిరగమన్నాడు. ఎప్పుడు పడితే అప్పుడు గొంతు మీద కోసినట్టు చెయ్యి చూపేవాడు. నేను చిక్కుడుగింజలు తింటున్నా, చేపలు బేరమాడుతున్నా సరే. చెయ్యి నోటికి పోతే కర్రతో వేళ్ల మీద ఒక్కటి. "పసుపురా, పసుపు!" "రయిస్‌కు కళ్లెం వేశావా కరార్?" అని బజారంతా నవ్వింది. నేను తల దించుకుని నేర్చుకున్నాను. ఇరవై రోజులకు చెయ్యి మాట వింది.

నిన్న మళ్లీ పరీక్ష. రామీ గొంతు చూపాడు. చెయ్యి నోటిదాకా లేచింది. ఆగింది. పసుపుదానికి దిగింది. కార్డిచ్చారు. ఫోటోలో దొంగలా ఉన్నాను.

సాయంత్రం కరార్‌ను నడుం లోతు నీళ్లలోకి తీసుకెళ్లాను. నీళ్లలో ఆ కాలికి బరువు లేదు. సిలిండర్ నాకొక్కడికే ఉంది. ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని తలలు ముంచాం. వాడు ఊపిరి బిగబట్టి నన్నే చూస్తూ గొంతు మీద కోసినట్టు చెయ్యి చూపాడు. పసుపుది అందించాను. వద్దన్నట్టు తల ఊపి, నా నోటి వైపు వేలు చూపాడు.

తీసి ఇచ్చాను.

మూడు గుక్కలు పీల్చాడు. ఈసారి నేనూ లెక్కపెట్టాను. తర్వాత వాడే తన చేత్తో దాన్ని నా నోటికి పెట్టాడు.

కార్డున్న మీ నాన్న,
అవద్