రేడియోలో తగ్గిన తెల్లదోమ

బుధవారం, నవంబరు 1987

పొద్దున పత్తి చేలో మొక్కను కదిపితే తెల్లదోమ పొగలా లేచింది. ఆకులన్నీ జిగురు. ఇంక కాయ నిలవదు. మా ఆయన చెయ్యి పంచెకి తుడుచుకుంటూ, "ఇది తెల్లదోమ కాదులేవే. తగ్గిపోయిందని నిన్న రేడియోలో చెప్పారుగా" అన్నారు.

"మరి ఈ కళ్లకు కనపడేదేంటండీ?" అన్నాను.

"చదువుకున్నోళ్లకి తెలియదా?" అని కసిరారు. ఇరవయ్యేళ్లుగా ఆకు పట్టుకుని తెగులు చెప్పిన మనిషి! నాకు ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం వార్తలప్పుడు నేనూ పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చి రేడియో ముందు కూర్చున్నాను. పత్తి ఊసే ఎత్తలేదు. నిజంగా దోమ ఉంటే వాళ్లు చెప్పరా? కొంగుకి ఆకుల జిగురు అంటుకుని ఉండగానే, పొద్దున ఆయన మీద మండిపడ్డ నాకే, మా చేను బాగానే ఉందనిపించింది.