మలుపు దాటిన గాలిమర రెక్క

పిన్నీ,

చింపకముందే ఒక్క ముక్క చదువు. నీ రొట్టెల కొట్టు ఇక కూల్చరు!

ఫోన్ ఎత్తవు కాబట్టి రాస్తున్నాను. గాలిమర రెక్కలు ఎస్బియర్ రేవుకు చేరాలంటే మలుపులో నీ కొట్టు అడ్డమని మా కంపెనీ చెప్పిన రోజు, "సొంత పిల్లవయ్యుండి నా గోడ కూల్చడానికొస్తావా?" అని నా ముఖం మీదే తలుపేసి వెళ్ళిపోయావు. కోపం నామీద, మకాం మా అమ్మ దగ్గర!

నేనూ ఊరుకోలేదు. రోడ్డు వాలు, గాలి వేగం, ఇదివరకు డ్రైవర్లు మలుపులు తిప్పిన తీరు, అన్నీ కంప్యూటర్‌కిచ్చి, అందులోనే రెక్కను మోసే లారీని మళ్ళీ మళ్ళీ నడిపాను. ప్రతిసారీ నీ గోడ కూలింది. చివరికి లారీని వెనక్కి నడిపిస్తూ, రెక్క కొసను ఆకాశంలోకి లేపి చూశాను. గోడకు తగలకుండా దాటిపోయింది.

నిన్న నిజంగానే నడిపాం. డ్రైవర్ ఎస్కిల్ స్టీరింగ్ పట్టుకుని, "కంప్యూటర్లో కూలితే మళ్ళీ మొదలెడతావు. ఇక్కడ కూలితే మీ పిన్ని నన్ను పొయ్యిలో పెడుతుంది" అన్నాడు. ఆ రెక్క నీ పొగగొట్టం మీదుగా తేలుతూ వెళ్ళింది. దాటగానే ఊరంతా ఒకటే కేకలు! ఎస్కిల్ కిందికి దూకి నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు.

చూడటానికొచ్చిన జనమంతా ఆకలితో నీ తలుపు తట్టి, ఉసూరుమంటూ వెళ్ళారు. వచ్చే వారం ఇంకో రెక్క వెళ్తుంది. ఆలోగా వచ్చి పొయ్యి వెలిగించు పిన్నీ. కోపం తీరకపోతే ఎదురుగా నిలబడి తిట్టు, పడతాను.

నీ అక్క కూతురు