చిమ్కోడ్ దాకా మీ నాన్న నడిచాడు

బీదర్, 13-11-2006, సోమవారం

చిరంజీవి సారాకు నానమ్మ కృపమ్మ దీవెనలు. మీ నాన్న గురించి ఇక బెంగపడవద్దు.

హైదరాబాదులో రోడ్డు వెడల్పుకు ఇల్లు పోయి, నాలుగు నెలలు రైల్వే స్టేషనులో పడుకుని క్షయ తెచ్చుకున్న మనిషి, నిన్న చిమ్కోడ్ చర్చికి నడిచి వెళ్ళాడు. జూన్‌లో మన గేటు దాకా పోలేకపోయాడు. రోజూ కొంచెం పెంచుతూ నడిపించి, తేదీలతో రాసి పెట్టాను. నిన్నటి నడక మూడు గంటల ఇరవై నిమిషాలు.

నేను బస్సులో ముందే వెళ్ళి కూర్చున్నాను. పాస్టరుగారు రోగుల చీటీ చూసి, "మంచాన పడ్డ సిలాసును లేపు తండ్రీ" అని ప్రార్థిస్తున్నారు. గుమ్మంలోంచి మీ నాన్న, తెగిన చెప్పు చేత పట్టుకుని, "లేసిన పాస్టరయ్యా! బీదర్ నుంచి నడిచే వచ్చిన. జర నీళ్ళియ్యుండ్రి" అన్నాడు. ప్రార్థనలో నవ్వకూడదు. నేనూ నవ్వాను.

ఇన్నాళ్ళూ ఇకముందు ఏం చేయాలన్న మాటే ఎత్తనివాడు, తిరిగి వచ్చేటప్పుడు బస్సులో "అమ్మా, కిరాయికి ఒక అర్ర చూస్త. సారాను తెచ్చుకుంట" అన్నాడు. క్షయ మందు ఇంకా నెల మింగాలి, ఒక్క పూట తప్పనివ్వను.

హాస్టల్లో చలికి రగ్గు ఇచ్చారా? లెక్కల్లో మార్కులు రాయి. మీ చర్చిలో రోగుల చీటీ నుంచి నాన్న పేరు కొట్టేయించి, కృతజ్ఞతల చీటీలో నీ చేతితోనే రాయి. దేవుడు నీకు తోడుగా ఉండుగాక.