పారేయని ప్లేటు

జూన్ 4

ఒళ్ళు మండిపోతోంది. బస్సు డ్రైవరు కుడికంటి పుండు నుంచి గీకి తెచ్చిన శాంపిల్‌ని మొన్న క్రిములు పెంచే ప్లేటు మీద గీశాను. ఇంకా ఏమీ మొలవలేదు. మా ల్యాబ్ హెడ్ మేడమ్ ‘నో గ్రోత్’ అని రాసేసి ప్లేటు పారేయమంది. రూలు రెండు రోజులేనట. క్రిములకి ఆ రూలు ఎవరు చదివి వినిపించారో!

పారేయలేదు. ఇంక్యుబేటర్‌లో వెనక అరలో దాచాను.

జూన్ 5

కంటి డాక్టరుగారు మా రిపోర్టు చూసి, ఇన్‌ఫెక్షన్ లేదనుకుని స్టెరాయిడ్ చుక్కలు మొదలుపెట్టారట. నర్సక్క చెప్పింది. నో గ్రోత్ అంటే క్రిమి లేదని కాదు, మాకింకా కనపడలేదని! పరుగున వెళ్ళి చెప్పాను. ల్యాబ్ వాళ్ళ దగ్గర వైద్యం నేర్చుకునే ఖర్మ తనకి లేదన్నారు, తలైనా ఎత్తకుండా.

జూన్ 6

ఏమీ లేదు.

జూన్ 7, ఉదయం 8

మొలిచాయి! తెల్లగా, పొడిగా, సున్నం చిలకరించినట్టు. మేడమ్‌కి చూపిస్తే గాలిలోంచి పడ్డ దుమ్మంది. దుమ్మట! నేను గీసిన గీతల మీదే వరసగా కూర్చునే దుమ్ము ఎక్కడైనా ఉంటుందా?

11 గంటలు

పుండు లోపలికి పాకుతోందట. తగ్గకపోతే ఎల్లుండి కన్ను తీసేస్తారట. ఒంటికన్నుతో లైసెన్సు ఉంచుతారా అని డ్రైవరు భార్య కనపడిన వాళ్ళందరినీ అడుగుతోందట.

రంగు వేసి మైక్రోస్కోపు కింద చూశాను. కొమ్మలు కొమ్మలుగా సన్నటి దారాలు. నోకార్డియా. మట్టిలో ఉండే బ్యాక్టీరియా, తాపీగా పెరుగుతుంది. స్టెరాయిడ్ వేస్తే దానికి పండగే.

ఫోను చేస్తే ఎత్తరు. మైక్రోస్కోపునే చంకన పెట్టుకుని వెళ్ళి, పేషెంట్లందరి ముందూ డాక్టరుగారి బల్ల మీద దించాను. చూడందే కదలనన్నాను. చాలాసేపు చూశారు. స్టెరాయిడ్ కొట్టేసి, దాన్ని చంపే అమికాసిన్ చుక్కలు రాశారు, గంటగంటకీ.

జూన్ 9

కన్ను తీయలేదు. గడువు దాటిన ప్లేటు దాచినందుకు మేడమ్ నాకు మెమో ఇచ్చింది.

జూన్ 16

పుండు మానుతోందట. ‘మా అరుదైన కేసు’ అని డాక్టరుగారు కాన్ఫరెన్సులో చెప్పుకుంటారట. సిగ్గుండాలి.

జూలై 21

డ్రైవరు ల్యాబ్ కిటికీ దగ్గరికొచ్చి నన్ను కడిగేశాడు. తప్పుడు రిపోర్టిచ్చి తన కన్ను పోగొట్టబోయామట. పరీక్షకి చుక్కలు వేసిన ఎడమకన్ను మసకగా ఉందని చేత్తో మూసుకున్నాడు. కుడికంటితో నా బ్యాడ్జి చూసి, కంప్లైంటులో నా పేరు రాసుకున్నాడు.

ఒక్క అక్షరం తప్పు పోలేదు.